నీళ్ళు తాగాల్సిన పడవ

పడవ మా ఇంటికి వచ్చిన రోజు పట్టపగలు వంటింట్లో లైటు వేసుకోవాల్సి వచ్చింది. లారీ మీంచి దించినవాళ్ళు దాన్ని సరిగ్గా కిటికీకి అడ్డంగా పెట్టిపోయారు. పడవ పొడవు ఇరవై రెండడుగులు, మా పెరడు పొడవు పాతిక. మిగిలిన ఆ మూడడుగుల్లోనే నేను బట్టలు ఆరేసుకోవాలి, చెత్తబుట్ట పెట్టుకోవాలి, మా ఆయన అటూ ఇటూ తిరుగుతూ మురిసిపోవాలి.

"ఎలా ఉందే?" అన్నాడు, పడవ ముక్కు మీద చెయ్యేసి.

"కిటికీ బాగుండేది," అన్నాను.

నిజానికి ఆ పడవని తెచ్చేదాకా ఆయన్ని పోరు పెట్టింది నేనే. అయినా నోరు ఊరుకోదు కదా.

మా ఆయన చేపల ఓడలో పనిచేస్తాడు. పెద్ద ఇనప ఓడ. ఒకసారి ఎక్కితే తొమ్మిది నెలలు సముద్రం మీదే. తర్వాత మూడు నెలలు సెలవు. మా పెళ్ళై పదకొండేళ్ళు. ఒక మధ్యాహ్నం కుట్టుమిషను ముందు కూర్చుని లెక్క వేశాను. పదకొండేళ్ళలో మేమిద్దరం ఒక ఇంట్లో ఉన్నది రెండేళ్ళ తొమ్మిది నెలలు. ఆ లెక్క చూశాక ఆ రోజు ఇంక బట్ట కుట్టలేకపోయాను. నాకు నా మొగుడు ఇంట్లో కావాలి. దీన్ని ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు రాదు.

ఆయనతో మాత్రం ఆ మాట అనలేదు. ఈసారి సెలవుకి రాగానే పడవ సంగతి ఎత్తాను. మా పెదనాన్న పడవ ఆరేళ్ళుగా షెడ్డులో ఊరికే పడి ఉంది. ఆయనకి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక దాని ముఖం చూసినవాళ్ళు లేరు. అడిగితే ఇచ్చేస్తాడు. బాగుచేసుకుంటే సొంతంగా వేటకి వెళ్ళొచ్చు, పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు అని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను.

మా ఆయన రెండు రోజులు ఆలోచించాడు. ఆయన ఏదైనా రెండు రోజులు ఆలోచిస్తాడు, చొక్కా కొనాలన్నా అంతే.

"సరే. సెలవు అయ్యేలోపు ఈ పడవ వేటకి పనికొస్తుందని రేవు ఇన్‌స్పెక్టరు కాగితం ఇస్తే ఉండిపోతాను," అన్నాడు. "ఇవ్వకపోతే ఓడ ఎక్కేస్తాను. తర్వాత నువ్వు నస పెట్టకూడదు."

నేను ఒప్పుకున్నాను. ఇన్‌స్పెక్టరు నెలకోసారి, మొదటి శుక్రవారం మా రేవుకి వస్తాడు. మా ఆయన సెలవులో అలాంటి ఆఖరి శుక్రవారం ఎప్పుడో క్యాలెండరులో చూశాం. ఓడవాళ్ళు కూడా అదే రోజు పన్నెండింటికి ఫోన్ చేసి, వస్తున్నావా లేదా అని అడుగుతారు. అప్పటికి మాకు రెండు నెలల మీద పది రోజులు ఉన్నాయి. చాలా ఉందనుకున్నాం.

ఇక పని. మా ఆయనకి వేట తెలుసు, వల తెలుసు, ఇంజను విప్పి మళ్ళీ బిగించడం తెలుసు. చెక్క పడవ గురించి మాత్రం ఆయనకి తెలిసింది, విమానం గురించి నాకు తెలిసింది ఒక్కటే. అందుకని మా తమ్ముణ్ణి పిలిచాం. వాడు తలుపులు, బీరువాలు చేసే వడ్రంగి. వాడి అసలు పేరు మా ఇంట్లోవాళ్ళే మర్చిపోయారు, అందరూ బిగింపు మేస్త్రి అంటారు. వాడు చేసిన బీరువా తలుపు మూస్తే లోపలి గాలి వచ్చి ముఖానికి తగులుతుంది. రెండు చెక్కలు కలిపాడంటే మధ్యలో వెంట్రుక దూరదు. ఎక్కడైనా సందు కనిపిస్తే వాడికి ఆ పూట ముద్ద దిగదు.

రోజూ పొద్దున్నే మా పెదనాన్న కూడా మడత కుర్చీ చంకన పెట్టుకుని వచ్చేవాడు. ఆ పడవ మీద ముప్ఫై ఏళ్ళు వేట చేసిన మనిషి. ఒక చెవి వినపడదు, రెండోది ఆయనకి ఇష్టమైనప్పుడు వినపడుతుంది. ఆ మూడడుగుల సందులో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నేను తడి బట్టలు ఆరేయాలంటే ఆయన తల మీదుగా ఆరేయాల్సిందే.

మూడు వారాలు రంగు గీకడానికే సరిపోయింది. పైన నీలం, దాని కింద ఆకుపచ్చ, దాని కింద ఎరుపు, ఆ కింద చెక్క. కుట్టుపని మధ్యలో లేచి వెళ్ళి నేనూ గరుకు కాగితం పట్టేదాన్ని. జాకెట్లలో చెక్కపొట్టు వస్తోందని నా దగ్గర కుట్టించుకునేవాళ్ళు గొణిగారు. గుచ్చుకుంటే చెప్పండి, దులిపి ఇస్తానన్నాను. పడవ లోపల పక్కటెముకల్లా ఉండే వంపు కర్రల్లో ఐదు పుచ్చిపోయాయి. మా తమ్ముడు వాటిని తీసి, అదే వంపులో కొత్తవి చెక్కి పెట్టాడు. ఆ పని మాత్రం చూడముచ్చటగా చేశాడు, పెదనాన్న కూడా లేచి వచ్చి చేత్తో తడిమి ఏమీ అనకుండా వెళ్ళి కూర్చున్నాడు. ఏమీ అనలేదంటే ఆయన లెక్కలో అది సన్మానమే.

చిక్కంతా పలకల దగ్గర వచ్చింది. ఆరేళ్ళు నీళ్ళ ముఖం చూడక చెక్క ఎండిపోయింది. పలకకీ పలకకీ మధ్య సందులు. కొన్నిట్లో నా చిటికెన వేలి గోరు దూరేది. లోపల కూర్చుంటే ఆ సందుల్లోంచి పక్కింటివాళ్ళ గోడ గీతలు గీతలుగా కనిపించేది.

"ఇది పడవా, జల్లెడా అక్కా?" అన్నాడు మా తమ్ముడు. వాడి ముఖం చూస్తే జాలేసింది.

మర్నాడు రెండు డబ్బాలు తెచ్చాడు. ఒకదానిలోది ఇంకోదానిలో కలిపి పెడితే రాయిలా గట్టిపడే లప్పం. సందు సందుకీ కూరి, నునుపుగా తీసి, మళ్ళీ కూరాడు. మా పెదనాన్న కుర్చీలోంచి చూస్తూ ఉండి చివరికి నోరు విప్పాడు.

"అంత గట్టిగా నింపకురా. చెక్క నీళ్ళు తాగాలి. తాగి ఒళ్ళు చేస్తుంది. అప్పుడు దానికి చోటుండాలి."

"పెదనాన్నా, నీ రోజుల్లో ఈ మందు లేదు," అన్నాడు వాడు, చెయ్యి ఆపకుండానే. "ఇది పెట్టానంటే చుక్క దూరదు."

"దూరాలనే నేను చెప్పేది."

నేను మధ్యలో దూరి మా తమ్ముడికే వత్తాసు పలికాను. "నీళ్ళు దూరే పడవ ఎవరికి కావాలి పెదనాన్నా? నువ్వు టీ తాగు," అని గ్లాసు చేతికిచ్చాను. ఆయన టీ తాగాడు. గ్లాసు కింద పెట్టి, కుర్చీ మడిచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. తర్వాత రాలేదు. అలిగాడని తెలిసింది కానీ, పని హడావిడిలో పడి ఎవరం వెళ్ళలేదు.

శుక్రవారం ఇంకా ఇరవై రోజులుండగా పడవని రేవులో దించాం. కొత్త తెలుపు రంగులో, పైన సన్నటి ఎర్ర గీతతో, నా దిష్టే తగులుతుందేమో అన్నట్టు ఉంది. మా తమ్ముడు లోపలికి దిగి జేబురుమాలుతో అడుగంతా తుడిచి, రుమాలు పైకెత్తి అందరికీ చూపించాడు. పొడి! ఒడ్డున ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. మా ఆయన రేవులో ఉన్నవాళ్ళందరికీ టీలు పోయించాడు. నేను మనసులో అప్పుడే సాయంత్రాలు ఇద్దరం ఏం చేస్తామో అనుకోవడం మొదలుపెట్టాను. పెద్దగా ఏమీ లేదు. వాకిట్లో కూర్చుంటాం, అంతే.

మూడో రోజు మా ఆయన రేవు నించి వచ్చి, "కిర్రుకిర్రుమంటోంది," అన్నాడు.

"ఆరేళ్ళకి నీళ్ళలో దిగింది కదా బావా, సర్దుకుంటోంది," అన్నాడు మా తమ్ముడు.

ఐదో రోజు లప్పం పెచ్చులుగా ఊడి సందుల్లోంచి బయటికి తోసుకొచ్చింది. పలకలు నీళ్ళు తాగి ఉబ్బాయి. ఉబ్బినవాటికి పక్కకి జరగడానికి చోటు లేదు, మధ్యలో రాయిలా ఆ మందు. దాంతో ఒకదాన్నొకటి తోసుకుని, ఎడమవైపు రెండు పలకలు మేకులతో సహా ఊడి పొట్టలా బయటికి పొడుచుకొచ్చాయి. ఆరో రోజు పొద్దున్న వెళ్ళేసరికి రేవులో మా పడవ ముక్కు ఒక్కటే నీళ్ళ పైన కనిపించింది.

మా తమ్ముణ్ణి అక్కడే, పదిమందిలో, నానా మాటలూ అన్నాను. వాడు ఒడ్డున చతికిలబడి, రెండు చేతుల్లో తల పెట్టుకుని, "పడవ చెయ్యమంటే బీరువా చేశానక్కా," అన్నాడు. దాంతో నా కోపం నా మీదికే తిరిగింది. పెదనాన్న చెప్పినప్పుడు టీ గ్లాసు చేతికిచ్చి నోరు మూయించింది వాడు కాదు కదా.

మా ఆయన ఇంటికి వచ్చి అటక మీంచి ఓడ బూట్లు దించాడు. గుమ్మంలో కూర్చుని వాటికి రంగు పులుముతున్నాడు. నాకు ఆయన అరిచినా బాగుండుననిపించింది. చెప్పులేసుకుని తిన్నగా పెదనాన్న ఇంటికి వెళ్ళాను.

ఆయన వాకిట్లో అదే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే, "నాకు టీ అక్కర్లేదు," అన్నాడు.

"తప్పైంది పెదనాన్నా. నీ మాట వినాల్సింది. పడవ మునిగిపోయింది."

"తెలుసు. రేవులో సగం మంది వచ్చి చెప్పిపోయారు." కాసేపు నన్ను ఎగాదిగా చూశాడు. "ఎన్ని రోజులుంది?"

"పద్నాలుగు."

"చాలవు," అని లేచి కుర్చీ మడిచాడు. "పద, పద. నిలబడి ఏడిస్తే పదమూడవుతాయి."

క్రేనుతో పడవని పైకి తీయించి మళ్ళీ మా పెరట్లోకి తెచ్చాం. పెదనాన్న ఈసారి కుర్చీలో కూర్చోలేదు. మొదటి ఆజ్ఞ నాకే. పడవ ఆరకూడదు. తాగిన నీళ్ళు చెక్కలోనే ఉండాలి, పైన తడి గుడ్డలు కప్పాలి. ఇంట్లో ఉన్న గోనెసంచులు సగం పడవకి కూడా రాలేదు. పాత దుప్పట్లు, కిటికీ తెరలు, మా ఆయన పంచెలు, కుట్టగా మిగిలిన ముక్కలు, అన్నీ తడిపి కప్పాను. రెండు గంటలకోసారి బకెట్టుతో నీళ్ళు పోయడం నా డ్యూటీ. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "జ్వరమొచ్చిందా దానికి?" అంది. అవునన్నాను.

మా తమ్ముడు అరిగిపోయిన ఆకురాయి కొనని కాల్చి కొక్కెంలా వంచి, దాంతో సందుల్లోని మందంతా పెరికాడు. మూడు రోజులు పట్టింది. ఒక్కో ముక్కా ఊడుతుంటే వాడి ముఖం, ఎవరో వాడి పళ్ళు పీకుతున్నట్టే ఉండేది. మా ఆయన బూట్లు పక్కన పెట్టి, ఊడిన పలకల్ని మళ్ళీ లాగి రాగి మేకులు కొట్టాడు. సందులు మళ్ళీ బయటపడ్డాయి, ఇదివరకటికంటే సన్నగా.

"ఇప్పుడు నూలు," అన్నాడు పెదనాన్న. నూలు పోగుల్ని వదులుగా పేని, సందు పొడవునా పెట్టి, మొండి ఉలితో లోపలికి సర్దాలి. దాని మీద ఎప్పటికీ గట్టిపడని మెత్తటి లప్పం. మా తమ్ముడు మొదటి సందులో నూలు పెట్టి కొయ్యసుత్తితో నాలుగు దెబ్బలు వేసేసరికి పెదనాన్న సుత్తి లాక్కున్నాడు.

"వీడి చెయ్యి ఊరుకోదు. ఇలా రావే," అని సుత్తి నాకిచ్చాడు. "నువ్వు జాకెట్లు కుడతావు. ఎక్కడ వదలాలో నీకు తెలుసు."

అది మాత్రం తెలుసు. చంక దగ్గర పట్టేసే జాకెట్టు ఎవరు తొడుక్కుంటారు? చెయ్యి ఎత్తాలి కదా, ఊపిరి పీల్చాలి కదా. రెండు రోజుల పాటు పడవ చుట్టూ నేనే తిరిగాను. మా ఆయన నూలు పేని అందిస్తే నేను సర్దేదాన్ని. మా తమ్ముడు మాత్రం ప్రతి సందు దగ్గరా వంగి చూసి, "ఇంకొక్క దెబ్బ అక్కా," అని బతిమాలేవాడు. వెయ్యలేదు.

ఎనిమిది రోజులుండగా పడవని మళ్ళీ రేవులో దించాం. దించిన అరగంటకి మోకాలు లోతు నీళ్ళు వచ్చాయి లోపలికి.

"ఇంకా రానివ్వండి," అన్నాడు పెదనాన్న. "మునగనివ్వండి."

లోతు తక్కువ ఉన్న చోట కట్టి, కావాలనే ముంచాం. అది చూసి రేవంతా పకపకా నవ్వింది. వలలు ఎండేసుకుంటున్న ఒకాయన, "ఇన్‌స్పెక్టరు గారికి ఈత వచ్చేమో కనుక్కోండి," అన్నాడు. మా ఆయన కూడా నవ్వేశాడు. ఆయన నవ్వి వారమైంది, అందుకని ఆ వలలాయన్ని ఏమీ అనకుండా వదిలేశాను.

మూడో రోజు నించి రోజూ పొద్దున్నా సాయంత్రం నీళ్ళు తోడేవాళ్ళం. మొదట తోడినకొద్దీ వచ్చేవి. ఆదివారం సాయంత్రానికి మూడు వందల బకెట్లు. మంగళవారం తొంభై. చెక్క తాగుతోంది, ఒళ్ళు చేస్తోంది, సందులు వాటంతటవే మూసుకుంటున్నాయి. గురువారం సాయంత్రం పదకొండు బకెట్లు. ఆ పదకొండూ తోడి, విప్పి దాచిన ఇంజను బిగించి ఇంటికొచ్చేటప్పుడు మా ఆయన ఈల వేశాడు.

శుక్రవారం ఎనిమిదింటికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నగా, మర్యాదగా, చేతిలో ఇనప స్కేలుతో. ఇంజను చూశాడు, మేకులు తట్టి చూశాడు, కొత్త వంపు కర్రల దగ్గర ఆగి, "ఎవరు చేశారండీ?" అని అడిగాడు. మా తమ్ముడు ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. తర్వాత లోపలంతా పొడిగా తుడిపించి, అడుగు నించి రెండు వేళ్ళ ఎత్తులో సుద్దతో ఒక గీత గీశాడు.

"పన్నెండింటికి వస్తాను. నీళ్ళు ఈ గీత దాటకూడదు," అని మిగతా పడవలు చూడటానికి వెళ్ళాడు.

నాలుగు గంటలు నలుగురం ఆ గీత వైపే చూస్తూ కూర్చున్నాం. తొమ్మిదికి తడి. పదికి ఒక వేలు. పదకొండుకి గీత అంచుకి వచ్చాయి. మా తమ్ముడు కాలు కాలిన పిల్లిలా ఒడ్డంతా తిరిగాడు. ఇన్‌స్పెక్టరు తిరిగొచ్చి స్కేలు పెట్టేసరికి నీళ్ళు గీతకి ఒక వేలు పైన ఉన్నాయి.

"పని బాగుందండీ. నిజంగా బాగుంది," అన్నాడు. "ఇంకొన్నాళ్ళు నానాలి. వచ్చే నెల మళ్ళీ చూస్తాను."

"సార్, ఒక్క వేలే సార్," అన్నాడు మా తమ్ముడు.

"ఆ ఒక్క వేలు కోసమేనండీ నన్ను పంపేది," అని కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన్ని తిట్టుకుందామన్నా కారణం దొరకలేదు.

ఫోన్ మోగింది.

మా ఆయన జేబులోంచి తీసి దాని వైపు చూశాడు, పడవ వైపు చూశాడు, నా వైపు మాత్రం చూడలేదు. ఒప్పందం ఒప్పందమే. కాగితం వస్తే ఉంటాడు, రాకపోతే వెళ్తాడు. నేను నస పెట్టకూడదు. ఆ మాటకి తలూపింది నేనే.

"చెప్పండి సార్," అన్నాడు ఫోన్‌లో.

"వెళ్ళకు," అన్నాను.

నాకు తెలియకుండానే గట్టిగా అనేసినట్టున్నాను. ఒడ్డున ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. మా ఆయన ఫోన్ మీద అరచెయ్యి పెట్టాడు. "ఏమన్నావు?"

"వెళ్ళకు. కాగితం రాకపోయినా వెళ్ళకు. ఈ పడవ మళ్ళీ మునిగినా వెళ్ళకు. తొమ్మిది నెలలు నా వల్ల కాదయ్యా. మొదటిసారీ కాలేదు, ఇప్పటికీ కాదు."

రెండు రోజులు ఆలోచించే మనిషి. రెండు నిమిషాలు కూడా కాలేదు, ఫోన్ మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు.

"నేను రావడం లేదు సార్... లేదండీ, పడవకి ఇంకా కాగితం రాలేదు... ఏం లేదు సార్, ఇంట్లో వద్దన్నారు."

ఫోన్ జేబులో పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. మా తమ్ముడు పెదనాన్నని చెయ్యి పట్టుకుని దూరంగా తీసుకెళ్ళాడు. వాడికి ఆపాటి బుద్ధి ఉన్నందుకు సంతోషించాను.

"ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు నువ్వు," అన్నాడు మా ఆయన. "నాలుగు రోజుల ముందే సంచి సర్దేసి గుమ్మం దగ్గర పెట్టేసేదానివి. నేను పోతే నీకు హాయేమో అనుకునేవాణ్ణి."

"ఆఖరి రోజు నా చేతులు వణికేవి. జిప్పు పట్టేది కాదు. అందుకని ముందే సర్దేదాన్ని."

ఆయన ముఖం అటు తిప్పుకుని, మగ్గు తీసుకుని పడవలోకి దిగాడు. నేనూ ఇంకో మగ్గు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. నాకు ఏడుపూ వస్తోంది, నవ్వూ వస్తోంది, చీర కుచ్చిళ్ళు నీళ్ళలో తడుస్తున్నాయి. ఇద్దరం తోడుతూనే ఉన్నాం.

సోమవారం పొద్దున్న మగ్గులు పట్టుకుని వెళ్ళేసరికి పడవలో తోడటానికి నీళ్ళే లేవు.